కర్నూలు చుట్టూ సైకిలుకు ఏ దారి మేలు: తిరుగు ప్రయాణాన్ని బట్టి ఒక పోలిక

తెల్లవారుజామున అయిదు గంటలకు కర్నూలు నుంచి, ఉత్తరాన 44వ నంబరు జాతీయ రహదారి తప్ప, ఏ దిక్కుకు సైకిలు మీద బయలుదేరినా రోడ్డు దాదాపు ఖాళీగానే ఉంటుంది. నంద్యాల చెక్‌పోస్టు దాటినా, ఆత్మకూరు రోడ్డు పట్టినా, సుంకేసుల వైపు తిరిగినా ఆ వేళకు ఎదురయ్యేవి పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్లు, సి క్యాంపు రైతు బజారుకు కూరగాయలు తెచ్చే ఆటోలు, అడపాదడపా ఒక బస్సు. ఈ అనుభవాన్ని నమ్ముకొని "ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది, హాయిగా వెళ్లి రండి" అని కొత్తవారికి చెప్పడం సరికాదని నా గట్టి అభిప్రాయం. అదే రోడ్డు మీద ఏడున్నరకు, ఒంట్లో సగం బలం ఖర్చయిపోయాక, ఎండ మొహాన పడుతుండగా, దారిలోని ఊళ్లన్నీ లేచి పనుల్లో పడ్డాక మనం తిరిగి రావలసి ఉంటుంది. కాబట్టి మన చుట్టుపక్కల దారులను పోల్చదలచినవారు వాటిని వెళ్లేటప్పటి సుఖాన్ని బట్టి కాక, తిరిగి వచ్చేటప్పటి పరిస్థితిని బట్టి పోల్చాలి. కొన్నేళ్లుగా ఈ దారులన్నిటి మీదా తొక్కుతున్న నేను ఈ వ్యాసంలో చేయబోతున్నది ఆ పనే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మోటారు వాహనాలే రాని పొడవైన సైకిలు దారి కర్నూలులో లేదు. తెలుగు ప్రాంతంలో అటువంటిది చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున నిర్మించిన సైకిలు ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మనకు దొరికేది వేరు. కొన్ని రోడ్ల మీద, కొన్ని గంటలపాటు, కొన్ని నెలల్లో మాత్రమే ట్రాఫిక్ పలచబడుతుంది. ఆ గంటలనూ ఆ నెలలనూ సరిగా పట్టుకోగలిగితే ఇక్కడ కూడా వారానికి నూరు కిలోమీటర్లు నిశ్చింతగా తొక్కవచ్చు.

రోడ్డు ప్రమాదకరమా కాదా అన్నది వాహనాల సంఖ్యను బట్టి మాత్రమే తేలదు. మన వేగానికీ, మనల్ని దాటిపోయే వాహనం వేగానికీ మధ్య ఉన్న తేడా మొదట చూడాలి. ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలును ముప్పై అయిదు కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు దాటితే ఇద్దరికీ సర్దుకునే వ్యవధి ఉంటుంది; ఎనభై మీద పోయే లారీ దాటితే ఆ వ్యవధి ఉండదు. ఆ తరువాత చూడవలసినది రోడ్డు పక్కన మనకు చోటు ఉన్నదా అన్నది. మూడవది, పక్క నుంచి ఎన్ని దారులు వచ్చి కలుస్తున్నాయన్నది. ప్రతి కిలోమీటరుకూ ఒక పొలం బాట వచ్చి కలిసే రోడ్డు మీద మనసు ఎప్పుడూ ఎడమ వైపు ఉండాలి.

సుంకేసుల దారితో మొదలుపెడతాను. నేను ఎక్కువగా తొక్కేదీ, ఎక్కువ చెప్పగలిగేదీ దాని గురించే. నగరానికి పడమట తుంగభద్రకు కుడిగట్టు వైపున, మామిదాలపాడు, నిడ్జూరు మీదుగా సుంకేసుల ఆనకట్ట వరకు పోయే ఈ దారి పాతిక ముప్పై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కర్నూలు–కడప కాలువ ఆ ఆనకట్ట దగ్గరే పుడుతుంది. 1863 నుంచి 1870 వరకు తవ్విన ఆ కాలువను సాగునీటి కోసమే కాక పడవల రాకపోకల కోసం కూడా ఉద్దేశించారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేతిలో ఉన్న కాలువ 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈ చరిత్రతో సైకిలుకు ఏమి సంబంధమని అనిపించవచ్చు కాని, సంబంధం ఉంది. పడవలు నడవాలంటే నీటి వాలు చాలా స్వల్పంగా ఉండాలి. అందువల్ల కాలువ నేల ఒడిని పట్టుకొని, మిట్టలను చుట్టుకొని పోతుంది. దాని దాపున పోయే దారిలో మోకాళ్లను పీడించే ఎక్కుళ్లు తక్కువ. దిగుడు లేదు కాబట్టి ఊరికే కూర్చుని పోయే అవకాశమూ తక్కువే. పెడలు ఆపకుండా తొక్కుతూనే ఉండాలి. కొత్తగా మొదలుపెట్టి దమ్ము పెంచుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి మనకు లేదు.

ఈ దారిలో వాహనాల వేగం తక్కువ, చోటు కూడా తక్కువే. చాలా భాగం ఒంటి వరుస తారు రోడ్డు. ఎదురుగా ట్రాక్టరు, వెనుక నుంచి ఆటో ఒకేసారి వస్తే మనం తారు దిగక తప్పదు. ఇక్కడ కొత్తవారు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. వానలకు పక్క మట్టి కోసుకుపోయి తారు అంచు కొన్నిచోట్ల బెత్తెడు ఎత్తున గోడలా నిలబడి ఉంటుంది. కిందికి దిగడం కష్టం కాదు. తిరిగి పైకి ఎక్కేటప్పుడు అంచుకు సమాంతరంగా పోతూ చక్రాన్ని కొద్దిగా తిప్పితే టైరు అంచు మీదికి ఎక్కక జారిపోయి, సైకిలు మనల్ని రోడ్డు మధ్యలోకే పడేస్తుంది. వేగం తగ్గించి, అంచుకు ఎదురుగా చక్రాన్ని నిలిపి ఎక్కాలి. వెనుక వాహనం ఉంటే అసలు ఎక్కకుండా మట్టిలోనే ఆగిపోవాలి. నది పక్క ఊళ్ల నుంచి వచ్చే ఇసుక ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక మలుపుల దగ్గర పలచగా పరుచుకొని ఉంటుంది. మలుపులో బ్రేకు పట్టేవారిని అది క్షమించదు.

కోతల కాలంలో ఈ దారి స్వభావమే మారిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కందికంపను తారు మీద మందంగా పరిచి, పోయే వచ్చే వాహనాల చక్రాల కింద నలిగేట్టు చేసి గింజలు రాలుస్తారు. ఒకసారి నేను అలసటలో, దాని మీదుగా పోవచ్చులే అనుకొని ఎక్కించాను. పది గజాలు పోకముందే ఒక పుల్ల చైనుతోపాటు లోపలికి పోయి వెనుక చైనును గేరు నుంచి గేరుకు మార్చే డిరెయిలర్‌లో ఇరుక్కుంది, పెడలు బిగుసుకుపోయింది, నేను పక్కకు ఒరిగి కందిపొట్టులో కూర్చున్నాను. రోడ్డు వార కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చి సైకిలును పట్టుకొని, "నిదానంగా రావాల నాయనా, పొద్దున్నే ఈడ కల్లం ఏసినామని తెల్దా?" అని అడిగి, చైనులో చుట్టుకున్న నారను ఒక్కొక్క పోగుగా తన వేళ్లతో లాగి తీసింది. దెబ్బ తగలలేదు కాని గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారే, అది వంగిపోయింది. ఫ్రేము విరగకుండా ఉండేందుకు తాను వంగడమే దాని పని. మిగిలిన పద్దెనిమిది కిలోమీటర్లూ ఒకే గేరులో వచ్చాను. అప్పటి నుంచి కల్లం కనిపిస్తే దిగి, సైకిలును నడిపించుకొని దాటుతున్నాను. ఆ రోడ్డు ఆ నెలల్లో రైతులదని ఒప్పుకొని వెళ్లేవారికి అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు.

తిరుగు ప్రయాణపు లెక్కలో సుంకేసుల దారికి మంచి మార్కులే పడతాయి. ఏడు గంటల తరువాత కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, పిల్లల కోసం ఊళ్లలోకి పోయే స్కూలు బస్సులు మొదలవుతాయి గాని అవన్నీ మనకు ఎదురుగా వచ్చేవే, వేగం తక్కువవే. నగరంలోకి ప్రవేశించే చివరి మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రం ఇరుకు. ఎనిమిది లోపల ఆ భాగాన్ని దాటగలిగితే దారంతా ప్రశాంతమనే చెప్పాలి.

నంద్యాల వైపు నాలుగు వరుసల 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా వెళ్లిరావడం మన ఊరి సైకిలిస్టులు చాలామంది ఇష్టపడే దారి. దూరం ఒక వైపు సుమారు ఇరవై కిలోమీటర్ల పైన. తారు నున్నగా ఉంటుంది, మట్టి అంచుల బాధ లేదు, ఎడమ వైపు మనకు కొంత చోటు ఉంటుంది. పొద్దు పొడిచే వేళకు ఆ రాళ్ల గుట్టల దగ్గరకు చేరితే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న ఆ బండలు మొదట బూడిద రంగులో ఉండి, కాసేపటికి తేనె రంగులోకి మారడం చూడవచ్చు. 2021 మార్చిలో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం మొదలయ్యాక ఆ వైపు కార్ల రాకపోక కొంత పెరిగింది.

ఈ రహదారిలో భయపడవలసినది మనం అనుకునే చోట ఉండదు. వెనుక నుంచి వచ్చే లారీ సాధారణంగా మనల్ని చూస్తుంది, రెండవ వరుసలోకి తప్పుకుంటుంది. దీపాలు లేకుండా ఎడమ అంచున ఆపి ఉంచిన లారీ, అదే అంచున మనకు ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే మోటారు సైకిలు, ఈ రెండే అసలు ప్రమాదం. ఆగి ఉన్న లారీని తప్పించుకోవడానికి మనం కుడికి జరిగే ఆ రెండు క్షణాల్లో వెనుక ఏమి వస్తున్నదో తెలియాలి. అందుకే హైవే మీద తొక్కేవారికి హెల్మెట్ తరువాత అత్యవసరమైన వస్తువు హ్యాండిల్‌కు బిగించుకునే చిన్న అద్దమని నేను భావిస్తాను. ఈ దారి ఎత్తుపల్లాలతో ఉంటుంది కాబట్టి కాళ్లకు మంచి పని దొరుకుతుంది; ఆ పని తిరిగి వచ్చేటప్పుడు భారమవుతుంది. ఏడు దాటాక నంద్యాల నుంచి కర్నూలుకు ఉద్యోగాల మీద వచ్చే కార్లు, ఆసుపత్రి పనుల మీద వచ్చేవారి ఆటోలు, బస్సులు మన దిశలోనే, మన వెనుకే వస్తాయి. సుంకేసుల దారికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా అదే: అక్కడ ఏడున్నర రద్దీ మనకు ఎదురుగా వస్తుంది, ఇక్కడ వీపు వెనుక నుంచి వస్తుంది.

ఉత్తరాన 44వ నంబరు జాతీయ రహదారి మీద తుంగభద్ర దాటి తెలంగాణలోకి ప్రవేశించి, అలంపురం చౌరస్తా దగ్గర కుడికి తిరిగి అలంపురం చేరడం మరొక దారి. పోనురాను యాభై కిలోమీటర్లు అవుతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రహదారి ఇది. దూర ప్రయాణపు లారీలూ, రాత్రంతా నడిచి నిద్ర కళ్లతో వచ్చే ప్రైవేటు బస్సులూ తెల్లవారుజామునే ఎక్కువగా ఉంటాయి. అందువల్ల తక్కిన దారులన్నిటికీ మంచిదైన అయిదు గంటల వేళ దీనికి మాత్రం మంచిది కాదు. పూర్తిగా వెలుగు వచ్చాకే ఈ రహదారి ఎక్కాలి. చౌరస్తా నుంచి అలంపురం దాకా ఉన్న చిన్న రోడ్డు మాత్రం ఎంతో హాయిగా ఉంటుంది. ఆ రోడ్డు కోసమైనా, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల ముందు పది నిమిషాలు కూర్చోవడం కోసమైనా నెలకొకసారి వెళ్లవచ్చు. అమావాస్యలకూ, దసరా నవరాత్రులకూ జోగులాంబ దర్శనానికి వచ్చే వాహనాలు ఎక్కువ కాబట్టి ఆ రోజులు వదులుకోవడం మంచిది. ప్రతి వారం తొక్కే దారిగా దీన్ని నేను ఎవరికీ సూచించను.

తూర్పున ఆత్మకూరు రోడ్డు. గార్గేయపురం చెరువు, దాని పక్కన అటవీ శాఖవారి నగరవనం వరకు వెళ్లి రావడానికి గంటన్నర చాలు. దూరం వెళ్లదలచినవారు నందికొట్కూరు దాకా పోవచ్చు. ఇంకా ఓపిక ఉన్నవారు ఒక రోజంతా కేటాయించుకొని బట్టమేక పక్షికి పేరుబడ్డ రోళ్లపాడు అభయారణ్యం వైపు వెళ్లవచ్చు. శ్రీశైలానికీ, దోర్నాల మీదుగా కోస్తా జిల్లాలకూ పోయే బస్సులన్నీ ఈ రోడ్డునే పడతాయి. మిగతా ఏడాది ఇది మధ్యరకపు రద్దీ ఉన్న రోడ్డే గాని, ఉగాదికి ముందు రెండు వారాలు దీని మీద సైకిలు తొక్కేవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కర్ణాటక నుంచి శ్రీశైల మల్లన్న దర్శనానికి వేలాదిమంది భక్తులు కాలినడకన ఈ దారినే వెళ్తారు. ఎండ పడకముందే ఎక్కువ దూరం నడవాలని వారు చీకటిలోనే బయలుదేరి రోడ్డు అంచునే నడుస్తారు. మనం నమ్ముకునే అంచు ఆ రోజుల్లో వారికి వదిలిపెట్టడమే మర్యాద, క్షేమం కూడా.

జగన్నాథగట్టు గురించి కొద్దిగా చెబితే చాలు. నగరానికి దక్షిణాన దగ్గరలోనే ఉన్న ఈ గట్టు ఎక్కుడు సాధన చేయాలనుకునేవారికి ఉపయోగపడుతుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాళ్లు విప్పి తెచ్చి తిరిగి కట్టిన రూపాల సంగమేశ్వరాలయం పైన ఉంది. నాలుగైదుసార్లు ఎక్కి దిగితే గంటలో పని పూర్తవుతుంది, తిరుగు ప్రయాణపు సమస్య దాదాపు లేదు. దిగేటప్పుడు మాత్రం రెండు బ్రేకులూ పట్టుకొనే దిగాలి. కొండారెడ్డి బురుజు, రాజ్‌విహార్, సి క్యాంపుల చుట్టూ నగరంలోనే తిరగాలనుకునేవారికి అయిదున్నర లోపు గంట మాత్రమే అనుకూలం; ఆ తరువాత అది సైకిలు సాధన అనిపించుకోదు.

ఇంతవరకు రోడ్ల స్వభావం చెప్పాను. అసలు ఎంపిక గాలినీ ఎండనూ బట్టి జరగాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం. మన ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి, నైరుతి గాలులు బలంగా వీస్తాయి. ఆ గాలి కూడా రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నంతసేపు నెమ్మదిగా ఉండి, పొద్దెక్కి నేల వేడెక్కే కొద్దీ పుంజుకుంటుంది. కాబట్టి ఆ నెలల్లో పడమటి దిక్కున ఉన్న సుంకేసులకు వెళ్తే, బలహీనంగా ఉన్న గాలికి ఎదురు తొక్కి, బలం పుంజుకున్న గాలిని వీపున వేసుకొని ఇంటికి వస్తాము. అదే ఆత్మకూరు రోడ్డుకు వెళ్తే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. పోయేటప్పుడు "ఈరోజు కాళ్లలో ఎంత సత్తువ ఉంది" అని సంబరపడి, గార్గేయపురం దాటి ఇంకా ముందుకు పోయి, తిరిగేటప్పుడు గాలి గోడకు తల ఆనించి గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో నగరానికి చేరేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి రోడ్డంతా బస్సులు. ఓర్వకల్లు దారిలో ఈ గాలి పక్క నుంచీ, కొంత ఎదురుగానూ తగులుతుంది. పక్కగాలి ఉన్నప్పుడు పెద్ద లారీ మనల్ని దాటితే ఒక్క క్షణం గాలి ఆగిపోయి, లారీ వెళ్లగానే ఒక్కసారిగా తోసేస్తుంది. హ్యాండిల్‌ను గట్టిగా బిగబట్టక, మోచేతులు కొంచెం వంచి ఉంచితే ఆ తోపును తట్టుకోవచ్చు.

నవంబరు నుంచి జనవరి దాకా లెక్క తిరగబడుతుంది. ఆ నెలల గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి, మెల్లగా వస్తుంది. ఆత్మకూరు రోడ్డు మీద తిరుగు ప్రయాణానికి అది తోడవుతుంది. ఎండ విషయంలో కూడా చలికాలానికి తూర్పు దారే మేలు. జనవరిలో మనకు పొద్దు పొడిచేది 6:45 దాటాక. ఎనిమిది వరకు సూర్యుడు ఇంకా చెట్ల ఎత్తునే ఉంటాడు. ఆ వేళకు సుంకేసుల నుంచి తూర్పుగా తిరిగి వస్తే ఎండ మన కళ్లలో మాత్రమే కాక, మన వెనుక నుంచి వచ్చే డ్రైవరు కళ్లలో కూడా పడుతుంది. మనకు ఎదుటిది కనిపించకపోవడం కంటే, అతనికి మనం కనిపించకపోవడమే ఎక్కువ ప్రమాదం. ఆత్మకూరు రోడ్డు నుంచి పడమరగా వస్తున్నప్పుడు ఎండ ఇద్దరికీ వెనుక ఉంటుంది. వెనుకవాడికి మనం దీపం పెట్టినట్టు కనిపిస్తాము. వానకాలానికి సుంకేసుల, చలికాలానికి ఆత్మకూరు రోడ్డు అని నేను నియమం పెట్టుకోవడానికి కారణం ఇదే. కందికంప పరిచే నెలలు కూడా చలికాలంలోనే రావడం ఈ నియమానికి మరింత బలం ఇచ్చింది.

బయలుదేరే వేళను కూడా నెలను బట్టి మార్చుకోవాలి. జూన్‌లో 5:45కే పొద్దు పొడుస్తుంది కాబట్టి అయిదుంబావుకు బయలుదేరితే అరగంట మసక వెలుతురులో గడుస్తుంది, అంతే. జనవరిలో అదే వేళకు బయలుదేరితే గంటకు పైగా కటిక చీకటి. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉన్నా ఊరి కుక్కలు, రోడ్డు మీద పడుకున్న ఎనుములు చీకటిలో కనిపించవు. చలికాలంలో ఆరుంబావు దాకా ఇంట్లో ఉండటమే తెలివైన పని. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ రెండు నెలలు ఏ దారైనా ఏడు గంటలకల్లా ఇంటికి చేరేట్టు దూరం తగ్గించుకోవాలి. సుంకేసుల దారిలో ఆరు లోపు తెరిచి ఉండే దుకాణం దొరకడం కష్టం కాబట్టి రెండు సీసాల నీళ్లు వెంట ఉండాలి.

సైకిలు ఎంపిక విషయంలో ఒక సలహా ఇస్తాను. సన్నని 23 మిల్లీమీటర్ల టైర్లున్న రేసు సైకిలు ఓర్వకల్లు రహదారికి సరిపోతుంది గాని సుంకేసుల దారికి పనికిరాదు. 32 మిల్లీమీటర్లు, అంతకు కొంచెం పైన ఉన్న టైర్లతో వచ్చే హైబ్రిడ్ సైకిలు ఈ దారులన్నిటికీ పనికొస్తుంది. హైవే మీద కొద్దిపాటి వేగం పోయినా మిగతా చోట్ల నెమ్మది దొరుకుతుంది. మట్టి అంచుకు దిగి ఆగిన ప్రతిసారీ రెండు టైర్లనూ అరచేతితో ఒకసారి తుడిచి చూసుకోవాలి. పల్లేరు కాయ గుచ్చుకున్న వెంటనే గాలి పోదు. చిన్న గోధుమరంగు చుక్కలాగా రబ్బరులో కూర్చొని, మరో రెండు కిలోమీటర్లు తిరిగాక ట్యూబు దాకా దిగుతుంది. ఆలోపే గోటితో పీకేస్తే ట్యూబు బతుకుతుంది. కంపచెట్టు ముల్లు మాత్రం ఆ అవకాశం ఇవ్వదు. పంక్చరు దుకాణాలు ఎనిమిది తరువాతే తెరుస్తారు కాబట్టి రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే ప్లాస్టిక్ మీటలు లేకుండా కాలువ దారికి పోకూడదు. నల్లరేగడి నేల తడిసి ఉన్న రోజున కాలువ గట్టు మీది మట్టి బాటలోకి అసలు దిగవద్దు. నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టి బ్రేకుల మధ్య ముద్ద కట్టి చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకి తీయడానికి అరగంట పడుతుంది.

ఇక ఎవరికి ఏది తగునన్న ప్రశ్న. ఇప్పుడే సైకిలు కొన్నవారు మొదటి నెల సుంకేసుల దారిలో నిడ్జూరు వరకే వెళ్లి తిరగాలి. ఆనకట్ట దాకా పోవాలన్న ఆశను నెల తరువాతకు వాయిదా వేసుకోవాలి. ఒంటరిగా వెళ్లే స్త్రీలలో కొందరు నాతో చెప్పిన మాట ఇక్కడ చెప్పాలి: ఖాళీ రోడ్డు కంటే మనుషులు కనిపించే రోడ్డే తమకు నెమ్మదిగా అనిపిస్తుందని. వారికి ట్రాఫిక్ తక్కువగా ఉన్న దారి అన్న కొలత ఒక్కటే సరిపోదు. వెలుతురు వచ్చాక గార్గేయపురం వరకు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మేలు. పన్నెండేళ్ల లోపు పిల్లలను పైన చెప్పిన ఏ రోడ్డు మీదికీ తీసుకుపోవద్దని గట్టిగా చెబుతాను. వారికి కళాశాల మైదానాలే తగినవి. రెండు వందల కిలోమీటర్ల బ్రెవే (నిర్ణీత గడువులో పూర్తి చేయవలసిన సైకిలు ప్రయాణం) వంటి దూర ప్రయాణాలకు సిద్ధమయ్యేవారికి పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. ఆ గడువులో ఎలాగూ హైవేల మీదే తొక్కవలసి వస్తుంది కాబట్టి వారు ఓర్వకల్లు దారిలో లారీల మధ్య నిబ్బరంగా ఉండటం నేర్చుకోక తప్పదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఎక్కుళ్లు తక్కువున్న కాలువ దారే మంచిది, జగన్నాథగట్టు వద్దు.

హైదరాబాదు ట్రాక్ సంగతి అడిగేవారు ఉంటారు. రెండు వందల కిలోమీటర్లకు పైగా కారులో సైకిళ్లు వేసుకుపోయి ఇరవై మూడు కిలోమీటర్లు తొక్కి రావడం ఏడాదికొకసారి పిల్లలతో చేసే విహారయాత్రకు బాగుంటుంది. కారు భయం లేకుండా పిల్లవాడు రెండు చేతులూ వదిలి తొక్కడం చూస్తే ఆ ఖర్చు గుర్తుకు రాదు. ప్రతి వారపు సాధనకు అది సమాధానం కాదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ప్రధాన వీధులను మోటారు వాహనాలకు మూసి, సైకిళ్లకూ నడిచేవారికీ వదులుతున్నారు. కొత్తగా కట్టనవసరం లేకుండా, ఉన్న రోడ్డునే కొన్ని గంటలు ఇచ్చే ఆ పద్ధతి మనలాంటి నగరాలకు మరింత తగినదని నాకు తోస్తుంది. కర్నూలులో కూడా ఆదివారం ఉదయం రెండు గంటలు ఒక్క రోడ్డును అలా వదిలితే, పైన నేను మైదానాలకే పరిమితం చేసిన పిల్లలు ఆ రోజుకు రోడ్డు మీదికి రాగలుగుతారు.

అప్పటిదాకా, కొత్త దారి ఏదైనా ఎంచుకునే ముందు చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. సైకిలు ఇంట్లోనే ఉంచి, మోటారు సైకిలు మీద ఉదయం ఏడున్నరకు ఆ దారి చివరి నుంచి నగరం వైపు నలభై కిలోమీటర్ల వేగం మించకుండా, రోడ్డుకు ఎడమ అంచున ఒకసారి రండి. ఎన్ని బస్సులు దాటాయి, అంచున ఎన్ని లారీలు ఆగి ఉన్నాయి, ఎండ ఎటు పడుతోంది, గాలి ఎటు నెడుతోంది అన్నది గమనించండి. స్కూళ్లు ఉన్న రోజున ఒకసారి, ఆదివారం ఒకసారి చూడాలి. రెండు రోజులకూ తేడా ఎక్కువ. వచ్చే శనివారం నేను నందికొట్కూరు దారిని మళ్లీ ఆ విధంగానే చూసి వచ్చి, చలికాలపు దూరాన్ని అక్కడిదాకా పెంచాలా, గార్గేయపురం దగ్గరే ఆగాలా అన్నది తేల్చుకుంటాను.